వేట రైఫిల్‌తో సరదా గురికి తేలిక తూటాలు: ఇంట్లో నింపుకునే పద్ధతి, దశలవారీగా

వేట రైఫిల్ ఉన్నవారిలో చాలామంది దాన్ని ఏడాదికి నాలుగైదు రోజులకు మించి బయటికి తీయరు. రేంజికి తీసుకువెళ్ళి కాగితం మీద గురిచూసి సరదాగా కాల్చుకుందామంటే, జింకను పడగొట్టడానికి చేసిన తూటా ఇరవయ్యోసారి పేలేసరికి భుజం కమిలిపోతుంది, ట్రిగ్గర్ నొక్కకముందే కన్ను తనంతట తాను మూసుకుంటుంది, ఆ బెదురు ఒకసారి పట్టుకుంటే వేటలో కూడా వదలదు. దీనికి మందు తేలిక తూటాలు. ఎనిమిది పౌండ్ల రైఫిల్ నుంచి 150 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 2,800 అడుగుల వేగంతో వెళ్ళినప్పుడు తుపాకి తన్నే శక్తి నా లెక్కలో సుమారు 16 అడుగు-పౌండ్లు. అదే రైఫిల్ నుంచి 110 గ్రెయిన్ల బుల్లెట్‌ను 2,200 అడుగుల వేగంతో పంపితే అది 5 దగ్గర ఆగిపోతుంది. అంటే తన్ను మూడో వంతుకు తగ్గుతుంది. అలాంటి తూటాలను ఇంట్లో జాగ్రత్తగా నింపుకోవడం ఎలాగో, టెక్సస్‌లో ఉంటూ .308 విన్‌చెస్టర్ అనే రకం తూటా వాడే బోల్టు రైఫిల్‌తో (బోల్టును చేత్తో లాగి తోసి తూటా మార్చేది) నేను చేసే పద్ధతిలోనే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మాటల సంగతి. మనం మామూలుగా తూటా, బుల్లెట్, గుండు అన్నీ ఒకటే అన్నట్టు వాడేస్తాం. ఈ పనిలో అలా వాడితే ప్రమాదం. తూటా అంటే తయారైన మొత్తం వస్తువు. దానిలో నాలుగు భాగాలు: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న ప్రైమర్, లోపల తుపాకి మందు, మూతిలో బిగించిన బుల్లెట్. గొట్టంలోంచి బయటికి వెళ్ళేది బుల్లెట్ ఒక్కటే. కేసు మనకే మిగులుతుంది కాబట్టి దాన్ని మళ్ళీ మళ్ళీ నింపుకోవచ్చు. తూకానికి వాడే కొలత గ్రెయిన్. ఒక పౌండుకు 7,000 గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు. కంసాలి తక్కెడలో గురివింద గింజ ఎత్తు అంటే సుమారు రెండు గ్రెయిన్లు. మన పని ఆ గింజలో ఇరవయ్యో వంతు తేడాను పట్టుకునే పని అని గుర్తుంచుకుంటే చేయి దానంతట అదే నెమ్మదిస్తుంది.

చట్టం ఏమంటుంది

అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే మాత్రం కావాలి. రాష్ట్రాలకూ నగరాలకూ సొంత నిబంధనలు ఉంటాయి కాబట్టి మీ ఊరి సంగతి విడిగా చూసుకోవాలి. మనవాళ్ళలో చాలామందికి తెలియని విషయం మరొకటి ఉంది. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకినే కాదు, తూటాను కూడా దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గాని, ఆ మినహాయింపు తమకు వర్తిస్తుందో లేదో న్యాయవాదిని అడిగి తేల్చుకోకుండా తూటాలు నింపే యంత్రం, అంటే ప్రెస్సు, కొనవద్దు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ అడ్డంకి లేదు.

భారతదేశంలో పరిస్థితి వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం, శిక్ష కూడా భారీగానే ఉంటుంది. కాబట్టి ఈ వ్యాసం చదివి హైదరాబాదులోనో గుంటూరులోనో ప్రయత్నించే ఆలోచన ఎవరికీ రాకూడదు. రేంజికి తీసుకువెళ్ళే సంచిని ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగు అరలో మరచిపోయిన ఒక్క తూటా చాలు, శంషాబాద్‌లో పెళ్ళికి దిగాల్సిన మనిషి పోలీసు స్టేషనుకు వెళ్తాడు.

అసలు ప్రమాదం ఎక్కడుంది

పనిలోకి దిగేముందు ఒక విషయం బాగా వంటపట్టాలి. పోయిన చలికాలంలో నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన ఒక తమ్ముడు, ఏ కేసుకు, ఏ బుల్లెట్‌కు ఎంత మందు పోయాలో చెప్పే లోడింగ్ పుస్తకంలో రాసిన కొలత చూసి, “అన్నా, ఎలాగూ తేలిక తూటాయే కదా, సగం మందు పోస్తే సరిపోదా? తక్కువే కదా, ఏమవుతుంది?” అన్నాడు. తక్కువ పోస్తే భద్రం అనుకోవడం సహజం. కూరలో ఉప్పు తగ్గిస్తే చప్పగా ఉంటుంది, అంతే. తుపాకి మందు అలా ప్రవర్తించదు.

పూర్తి కొలతలో కేసు దాదాపు నిండుగా ఉంటుంది. కొలత తగ్గించిన కొద్దీ కేసులో ఖాళీ పెరుగుతుంది. ప్రమాదాలన్నీ ఆ ఖాళీ చుట్టూ తిరుగుతాయి. మొదటిది, నిదానంగా కాలే మందును పుస్తకంలో ఇచ్చిన కనీస కొలత కంటే తగ్గిస్తే అది సరిగా అంటుకోకుండా కాసేపు చిటపటలాడి, బుల్లెట్ గొట్టంలో కొద్దిదూరం కదిలి ఆగిన తరువాత ఒక్కసారిగా ఒత్తిడి పెరిగి రైఫిలే పగిలిన సందర్భాలు ఉన్నాయి. అందుకే నిదానం మందుల విషయంలో పుస్తకాలు కనీస కొలతకు దిగువకు వెళ్ళవద్దని గట్టిగా చెబుతాయి. రెండోది, పిస్తోలు తూటాలకు వాడే వేగం మందులను చిటికెడు పోసి పని జరుపుకోవచ్చు గాని, అంత పెద్ద కేసులో ఆ చిటికెడు అడుగున ఎక్కడో కనపడకుండా పడి ఉంటుంది. అదే కేసులో పొరపాటున రెండోసారి పోసినా తేడా తెలియదు. రెండు కొలతల వేగం మందు అంటే రైఫిల్ చేతిలో పగలడమే. మూడోది, మందు మరీ తక్కువైతే బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుపోతుంది. అది గమనించకుండా మరో తూటా కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది, లేదా చీలుతుంది.

కనుక తేలిక తూటా చేయడమంటే కొలత తగ్గించడం కాదు, తగ్గించడానికి ఒప్పుకునే మందును ఎంచుకోవడం. హాడ్జ్‌డన్ కంపెనీ తన హెచ్-4895 మందు విషయంలో దీనికి ఒక సూత్రం ప్రకటించింది. మీ కేసుకు, మీ బుల్లెట్ బరువుకు ఆ కంపెనీ పట్టికలో హెచ్-4895 గరిష్ఠ కొలత ఎంత ఉందో చూసి, దానిలో 60 శాతం మిగిలేదాకా తగ్గించుకోవచ్చు, అంతకంటే దిగువకు వద్దు. లెక్క చూపడానికే చెబుతున్నాను, పట్టికలో గరిష్ఠం 50 గ్రెయిన్లు ఉంటే 30 వరకు దిగవచ్చు. మీ కొలత మాత్రం మీ పట్టిక నుంచే రావాలి. ఈ మందు నాకు నచ్చడానికి మరో కారణం ఉంది. 60 శాతం కొలతను ఎవరైనా పొరపాటున రెండుసార్లు పోస్తే అది 120 శాతం అవుతుంది, .308 వంటి కేసులో పట్టదు, మూతి దాటి బల్ల మీద పొర్లుతుంది. తప్పు చేసిన క్షణంలోనే కంటికి కనిపిస్తుంది. ఈ సూత్రం హెచ్-4895కు మాత్రమే. డబ్బా మీద 4895 అని ఉన్న ఐఎంఆర్ మందు వేరు, దానికి ఇది వర్తించదు.

చిన్న గారెల్లా మధ్యలో చిల్లులతో ఉండి తక్కువ బరువుకే ఎక్కువ చోటు ఆక్రమించే ట్రైల్ బాస్ అనే మందు ఇలాంటి పనికే పుట్టింది. అయితే కొన్నేళ్ళుగా అది దొరకడం గగనంగా ఉంది. దొరికినవారు దాన్ని కేసులో ఎప్పుడూ బుల్లెట్‌తో నొక్కి కూరకూడదు. ఖాళీ నింపడానికి దూది, బియ్యపురవ్వ వంటివి కూరే పాత అలవాట్ల గురించి ఎక్కడైనా వింటే విని వదిలేయండి.

ఏమేం కావాలి

మీ బుల్లెట్ కంపెనీదో మందు కంపెనీదో తాజా ముద్రణ లోడింగ్ పుస్తకం ఒకటి, వీలైతే రెండు ఉండాలి. ఒకదానితో ఒకటి పోల్చుకుంటే అచ్చుతప్పు ఉన్నా దొరుకుతుంది. ఒకసారికి ఒక్క పనే చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్సు, మీ తూటాకు సరిపోయే డైల (ప్రెస్సులో బిగించే ఉక్కు అచ్చుల) సెట్టు, కేసు అడుగును పట్టుకునే షెల్ హోల్డరు, తక్కెడ, డయల్ కాలిపర్, కేసు పొడవు కత్తిరించే ట్రిమ్మర్, మూతి నునుపు చేసే పరికరం, ప్రైమర్ బిగించే పరికరం, గరాటు, యాభై గుంటలున్న చెక్క పలక, కంటి అద్దాలు, చిన్న టార్చి ఉంటే చాలు. .308కూ, .30-06 అనే మరో రకం తూటాకూ ఒకే షెల్ హోల్డరు పనిచేస్తుంది. చకచకా తూటాలు దింపే ప్రోగ్రెసివ్ ప్రెస్సు తేలిక తూటాల పనికి వద్దు. ప్రతి కేసులోకీ తొంగి చూడాల్సిన పనికి వేగం దండగ.

తక్కెడ విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. ఎలక్ట్రానిక్ తక్కెడలు ఫ్యాను గాలికీ, పక్కనున్న ఫోనుకీ, చలి గదికీ అంకెలు మార్చేస్తాయి. దాన్ని పావుగంట ముందు ఆన్ చేసి పెట్టి, దానితో వచ్చిన తూకపు రాయితో సరిచూసి, ప్రతి పది కేసులకు ఒకసారి మళ్ళీ ఆ రాయి పెట్టి చూడాలి.

బుల్లెట్ల విషయానికి వస్తే 0.308 అంగుళాల వ్యాసంలో 110 నుంచి 130 గ్రెయిన్ల వరకు తేలికవి దొరుకుతాయి. చిన్న జంతువుల వేటకు చేసే పల్చటి తొడుగు బుల్లెట్లు కాగితం మీద బాగా గుమికూడతాయి. ఎం-1 కార్బైన్ తూటాలకు వాడే 110 గ్రెయిన్ల గుండు మూతి బుల్లెట్లు చవక. వంద గజాలు దాటాక వాటి మీద ఆశ పెట్టుకోకూడదు గాని యాభై గజాల సరదాకు అవి చాలు. ఒక్క పొరపాటు మాత్రం జరగకూడదు. 7.62×39 తూటాలకు చేసే 123 గ్రెయిన్ల బుల్లెట్లలో చాలావాటి వ్యాసం 0.310, 0.311 అంగుళాలు ఉంటుంది. మన గొట్టానికి కావాల్సింది 0.308. పెట్టె మీద రాసింది చదివి, ఒక బుల్లెట్‌ను కాలిపర్‌తో కొలిచి చూసుకోండి. ప్రైమర్లు లార్జ్ రైఫిల్ రకం, మామూలువి. మాగ్నం వద్దు. పుస్తకం ఏ రకం చెబితే ఆ రకమే వాడాలి.

మందు కొట్టిన చేత్తో ఈ మందు ముట్టుకోకూడదు. టీవీ, ఫోను, పిల్లల హోంవర్కు, వీడియో కాల్లో అమ్మ, ఇవేవీ బల్ల దగ్గర ఉండకూడదు. ప్రైమర్లలో సీసం ఉంటుంది కాబట్టి అక్కడ తినడం, కాఫీ తాగడం కుదరదు. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మందును దాని సొంత డబ్బాలోనే ఉంచాలి, బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బా మాత్రమే ఉండాలి. రెండు డబ్బాలుంటే మిగిలిన మందును తప్పు డబ్బాలో తిరగపోసే రోజు ఎప్పుడో వస్తుంది.

మొదటి దశ: కేసులను చూడటం

మీ రైఫిల్లోనే కాల్చిన, ఒకే కంపెనీ కేసులు యాభై తీసుకోండి. వాటిని మొక్కజొన్న బెండు పొడి వేసిన టంబ్లర్ అనే తిప్పే యంత్రంలో ఒకటి రెండు గంటలు తిప్పితే శుభ్రపడతాయి. మెరవడం ముఖ్యం కాదు, ఇసుక రేణువు లేకపోవడమే ముఖ్యం. తరువాత ఒక్కొక్క కేసును వెలుతురులో తిప్పి చూడాలి. మూతి దగ్గర సన్నటి చీలిక ఉంటే పారేయండి. కేసు అడుగుకు కాస్త పైన, చుట్టూ తెల్లటి మెరుపు గీత కనిపిస్తే జాగ్రత్త. ఒక పేపరు క్లిప్పును తిన్నగా చేసి, కొసను కొద్దిగా వంచి, కేసులోకి దించి లోపలి గోడను అడుగు నుంచి పైకి గీరుతూ రండి. గోడ నున్నగా ఉంటే క్లిప్పు జారిపోతుంది. లోపల గాడి పడి ఉంటే కొస ఠక్కున అందులో తట్టుకుంటుంది. ఆ తట్టు చేతికి ఒకసారి తెలిస్తే మరి మరచిపోరు. అలా తట్టుకున్న కేసు తరువాతి పేలుడుకు రెండు ముక్కలు కావచ్చు. పటకారుతో నలిపి చెత్తలో వేయాలి.

రెండో దశ: కొలతకు తేవడం

కాలిన కేసు ఉబ్బి ఉంటుంది. దాన్ని సైజింగ్ డైలోకి నెట్టితే ఒంటి కొలతకు వస్తుంది, అదే ఊపులో పాత ప్రైమర్ ఊడి కింద పడుతుంది. దీనికి ముందు కేసు ఒంటికి నూనె పల్చగా రాయాలి. ఎంత పల్చగా అన్నదే కిటుకు. భుజం దగ్గర, అంటే కేసు ఒళ్ళు మూతి వైపు సన్నబడే చోట, ఎక్కువైతే ఇత్తడి మీద గుంటలు పడతాయి. తక్కువైతే ఏమవుతుందో నేను మొదటి నెలలోనే నేర్చుకున్నాను. నూనె రాశాననుకుని రాయని ఒక కేసు డైలో సగం వరకు వెళ్ళి బిగుసుకుపోయింది. పిడి పైకి లాగితే కేసు అంచు ఊడి షెల్ హోల్డరులో మిగిలింది, కేసు డైలోనే ఉండిపోయింది. దాని అడుగుకు రంధ్రం చేసి, మర తొలిచి, బోల్టు వేసి లాగడానికి ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది. అప్పటి నుంచి నూనె రాసిన కేసులు ఎడమవైపు పళ్ళెంలో, రాయనివి కుడివైపు. పిడి మీద బరువు మామూలు కంటే ఎక్కువ అనిపిస్తే ఆగి వెనక్కు తీస్తాను, బలం పెట్టను.

కేసు భుజాన్ని అవసరానికి మించి వెనక్కు నెట్టకుండా డైని సరిచేసుకోవాలి. బోల్టు రైఫిల్‌కు అంగుళంలో వెయ్యో వంతులు ఒకటో రెండో వెనక్కు జరిగితే చాలు. ఈ సర్దుబాటు మామూలు తూటాలకంటే తేలిక తూటాలకు ఎక్కువ ముఖ్యం, కారణం చివర్లో చెబుతాను.

మూడో దశ: పొడవు, మూతి

నూనె తుడిచి పొడవు కొలవండి. .308 కేసు గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు, దాటితే 2.005కు కత్తిరించాలి. .30-06కు ఆ అంకెలు 2.494, 2.484. కత్తిరించాక మూతి లోపలి అంచును, బయటి అంచును నునుపు చేయాలి. తేలిక బుల్లెట్లలో చాలావాటికి అడుగు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి లోపలి అంచు పదునుగా మిగిలితే అది బుల్లెట్ తొడుగును చెక్కు తీసినట్టు గీరేస్తుంది.

నాలుగో దశ: ప్రైమర్ బిగించడం

ప్రైమర్ గుంటలోని మసి గీకి, కొత్త ప్రైమర్‌ను నిదానంగా అడుగు తగిలేదాకా నొక్కాలి. వేలి కొసతో కేసు అడుగును తడిమితే ప్రైమర్ కాస్త లోపలికి ఉన్నట్టు తెలియాలి. పైకి పొడుచుకుని ఉన్నట్టు తగిలితే మళ్ళీ నొక్కండి. ఈ పని మందు పోయకముందే చేయాలి. తలకిందులుగా పడిన ప్రైమర్ ఉన్న కేసును పక్కన పెట్టేయండి. బిగించిన ప్రతి కేసునూ చెక్క పలకలో మూతి కిందికి ఉండేలా బోర్లించి పెట్టాలి. ఈ బోర్లింపులో ఒక లెక్క ఉంది, అది తరువాతి దశలో పనికొస్తుంది.

ఐదో దశ: నమూనా తూటా

మందు, ప్రైమర్ రెండూ లేని ఒక కేసులో బుల్లెట్ బిగించి నమూనా చేసుకోండి. పుస్తకంలో మీ బుల్లెట్‌కు ఇచ్చిన మొత్తం పొడవుకు సీటింగ్ డైని దీనితోనే సరిచేయాలి. తేలిక బుల్లెట్ పొట్టిగా ఉంటుంది. గొట్టంలోని గాడుల దాకా దాన్ని ముందుకు జరపాలని ఆశపడితే మూతిలో పట్టు చాలదు. కనీసం బుల్లెట్ వ్యాసమంత, అంటే 0.308 అంగుళం, మూతిలో దిగి ఉండాలన్నది నేను పాటించే నియమం. గాడులకు దూరమైనా తేలిక బుల్లెట్లు కాగితం మీద పెద్దగా గొడవ చేయవు. నమూనాను మ్యాగజీనులో పెట్టి, బోల్టుతో గదిలోకి (గొట్టం వెనుక కొసలో తూటా కూర్చునే చోటులోకి) తోసి, బయటికి తీసి చూడండి. సాఫీగా వెళ్ళి వస్తే దాని మీద ‘నమూనా’ అని రాసి దాచుకోండి. ఇంట్లో ఈ పరీక్ష నిజమైన తూటాతో ఎప్పుడూ చేయకూడదు.

ఆరో దశ: మందు పోయడం

పట్టికలో ఉన్న గరిష్ఠ కొలతను, 60 శాతం లెక్కను కాగితం మీద రాసుకుని, మరుసటి రోజు పొద్దున మళ్ళీ లెక్కించి చూసుకోండి. నేను మొదట ఐదేసి తూటాల గుంపులు మూడు నింపుతాను: 60 శాతంతో ఒకటి, 65తో ఒకటి, 70తో ఒకటి. ఏది కాగితం మీద దగ్గరగా గుమికూడుతుందో రైఫిలే చెబుతుంది, ముందుగా ఊహించడం ఎవరి వల్లా కాదు.

పలకలో బోర్లించిన కేసును తీసి, ఒకసారి దులిపి, తక్కెడలో తూచిన మందును గరాటుతో పోసి, అదే పలకలో నిలువుగా, మూతి పైకి పెట్టాలి. బోర్లా ఉన్నది ఖాళీ, నిలబడ్డది నిండినది. మధ్యలో తలుపు కొట్టారని లేచి వెళ్ళినా తిరిగి వచ్చాక గందరగోళం ఉండదు. అయినా చేతిలో ఉన్న కేసు సంగతి అనుమానంగా ఉంటే, అందులోని మందును డబ్బాలోకి తిరగపోసి మొదటినుంచి చేయాలి. నింపడం పూర్తయ్యాక టార్చి వేసి పలక మీదకు వంగి ఒక్కో వరుసనూ చూడండి. నల్లటి బావుల్లాంటి మూతులు, వాటి అడుగున బూడిదరంగు నీటిమట్టంలా మందు. ఒకే కొలత పోసిన బావులన్నిటిలో నీళ్ళు ఒకే లోతులో ఉండాలి. ఒక్కటి పైకి ఉన్నా, కిందికి ఉన్నా అది మళ్ళీ తక్కెడ మీదకు వెళ్ళాల్సిందే. ఈ చూపు చూడకుండా బుల్లెట్ బిగించే చేతిని నేను నమ్మను, అది నా చెయ్యే అయినా సరే.

ఏడో దశ: బుల్లెట్ బిగించడం, పేరు రాయడం

కేసు మూతిలో బుల్లెట్‌ను నిటారుగా నిలిపి, ప్రెస్సు పిడిని నిదానంగా దించండి. మొదటిదాన్ని, ఆ తరువాత ప్రతి ఐదోదాన్ని కాలిపర్‌తో కొలవండి. బోల్టు రైఫిల్‌కు, తన్ను తక్కువున్న తూటాకు మూతిని నొక్కి ముడవాల్సిన పని లేదు. పెట్టె మీద తేదీ, కేసు, ప్రైమర్, మందు పేరు, కొలత, బుల్లెట్, మొత్తం పొడవు రాయాలి. పెద్ద అక్షరాలతో ‘తేలిక, కాగితానికి మాత్రమే’ అని కూడా రాయాలి. ఈ పల్చటి తొడుగు బుల్లెట్‌తో ఎవరైనా జింకను కాలిస్తే గాయపడిన జంతువు పారిపోయి ఎక్కడో కుళ్ళి చస్తుంది. వేట తూటాల పెట్టె, ఈ పెట్టె ఒకే సంచిలో పెట్టవద్దు.

రేంజిలో

తేలిక తూటా అన్నంత మాత్రాన వెనుక మట్టిగట్టు అవసరం తగ్గదు. ఆ 110 గ్రెయిన్ల బుల్లెట్ కూడా మైలు దాటి పోగలదు.

మొదట 50 గజాలలో పెద్ద కాగితం పెట్టండి. వేట తూటాకు సరిచేసిన స్కోపుతో ఇది అదే చోట తగలదు. మామూలుగా కిందికి, ఒక్కోసారి పక్కకు కూడా పోతుంది. స్కోపు తిప్పుళ్ళు పావు ఎంఓఏవి (ఒక్కో క్లిక్కుకు వంద గజాలలో దాదాపు పావు అంగుళం జరిగేవి) అయితే ఒక అంగుళం జరపడానికి వంద గజాలలో నాలుగు క్లిక్కులు, యాభైలో ఎనిమిది. ఎన్ని క్లిక్కులు తిప్పారో పెట్టె మూత మీదే రాసుకోండి, వేట కాలానికి అన్నీ వెనక్కు తిప్పుకోవాలి. ఆ పని మరచిపోయి జింక వీపు మీదుగా గాలిలోకి కాల్చినవారిని నేను ఎరుగుదును, పేరు చెప్పను గాని రోజూ అద్దంలో చూస్తుంటాను.

ప్రతి పేలుడు తరువాత కాగితం మీద కొత్త చిల్లు పడిందా అని చూడాలి. చప్పుడు మామూలు కంటే చిన్నగా ‘తుస్సు’మన్నా, తన్ను అసలు లేకపోయినా, చిల్లు కనిపించకపోయినా అక్కడే ఆగండి. అసలు పేలకపోతే గొట్టాన్ని గట్టువైపే ఉంచి కనీసం ముప్పై సెకన్లు ఆగాకే బోల్టు తెరవాలి. తెరిచాక శుభ్రం చేసే కడ్డీని వెనుక నుంచి దూర్చి అవతలికి వచ్చేదాకా తోసి చూడాలి. అడ్డు తగిలితే ఆ రోజుకు కాల్పులు అయిపోయినట్టే, రైఫిల్ తుపాకుల మరమ్మతు తెలిసినవారి దగ్గరకు వెళ్ళాలి.

వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటే ఒక చిన్న పరీక్ష చేయండి. గొట్టాన్ని గట్టువైపే ఉంచి, కాల్చేముందు మూతిని కాస్త పైకెత్తి నెమ్మదిగా గురికి దించి ఐదు. మూతిని కాస్త కిందికి వంచి నెమ్మదిగా గురికి ఎత్తి ఐదు. కేసులో ఖాళీ ఉంది కాబట్టి మొదటి పద్ధతిలో మందు ప్రైమర్ పక్కకు, రెండోదానిలో బుల్లెట్ పక్కకు జారి ఉంటుంది. సగటు వేగాల్లో తేడా కనిపిస్తుంది. తేడా ఎక్కువగా ఉంటే కొలతను 60 నుంచి కాస్త పైకి తేవడం మేలు, లేదా ప్రతిసారీ ఒకే తీరున రైఫిల్‌ను ఎత్తడం అలవాటు చేసుకోవాలి.

కాలిన కేసులను అక్కడే పరిశీలించండి. మూతి, భుజం మీద మసి పట్టి ఉంటే భయపడనక్కర్లేదు. ఒత్తిడి తక్కువ కావడంతో ఇత్తడి గది గోడకు పూర్తిగా అంటుకోక మసి వెనక్కు వచ్చింది, అంతే. ప్రైమర్ కేసు అడుగు నుంచి కాస్త బయటికి పొడుచుకు వస్తే మాత్రం పట్టించుకోవాలి. మామూలు తూటాలో ఒత్తిడి కేసును వెనక్కు నెట్టి ప్రైమర్‌ను మళ్ళీ లోపలికి కూర్చోబెడుతుంది. తేలిక తూటాలో అంత బలం ఉండదు. పైగా ప్రైమర్‌ను కొట్టే సూది తాకిడి, ప్రైమర్ పేలుడు కలిసి కేసును ముందుకు గెంటడంతో దాని భుజం ప్రతిసారీ రవ్వంత వెనక్కు నలుగుతుంది. అలా నాలుగైదుసార్లు నలిగిన కేసు గదిలో వదులుగా కూర్చుంటుంది. అందులో ఎవరైనా పూర్తి కొలత మందు నింపి కాలిస్తే కేసు సాగి, పేపరు క్లిప్పుకు తగిలే ఆ గాడి దగ్గరే తెగుతుంది. రెండో దశలో భుజాన్ని అతిగా నెట్టవద్దన్నది ఇందుకే. తేలిక తూటాలకు వాడిన కేసులను నేను విడిగా ఉంచుతాను, అడుగున ఎర్ర మార్కరుతో గీత పెడతాను. ఎర్ర గీత ఉన్న కేసు వేట మందును ఎప్పుడూ చూడదు. మూతి చీలేదాకా కాగితానికే పనిచేస్తుంది, చీలాక పటకారు కిందికి పోతుంది.